అల్లుడుగారి కీళ్ల పొడి

మార్చి 2, సోమవారం

కొత్త పుస్తకం. బడి ప్రయోగశాలలో ఎవరో అమ్మాయి వదిలేసి వెళ్లిన రికార్డు పుస్తకం ఇది. మొదటి రెండు పేజీల్లో ఉప్పు ద్రావణం గురించి రాసి ఉంటే చింపేశాను. ప్రతి పేజీ మీదా "ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం" అని అచ్చువేసి ఉంది. ముప్పై ఏళ్లుగా అదే ప్రయోగశాలలో సీసాలు కడిగి, ద్రావణాలు కలిపి పెడుతున్న నాకు ఇంతకంటే తగిన డైరీ ఎక్కడ దొరుకుతుంది?

ఉద్దేశం: అల్లుడుగారి కుంటు పోగొట్టడం. పరికరాలు: ఒక గుర్రం, నేను. విధానం: ఇంకా తెలియదు. ఫలితం: పోయి తీరుతుంది.

అల్లుడుగారు అంటే గుర్రం. నేను సవారీకి వెళ్లే గుర్రపుశాలలో అందరూ కలిసి పెట్టిన పేరు. బతిమాలితే గాని దాణా ముట్టడు, పిలిచిన వెంటనే వస్తే పరువు తక్కువ, మర్యాదలో ఏ కాస్త లోటు జరిగినా గోడవైపు తిరిగి నిలబడతాడు. పేరు వెనక గారు ఉన్నా డైరీలో మాత్రం ఏకవచనమే, మనింట్లో మనిషి కాబట్టి. ఇరవై రెండేళ్లవాడు. ముదురు గోధుమ రంగు, నుదుట తెల్లమచ్చ.

ఈరోజు పశువుల డాక్టరమ్మ వచ్చి కాలు వంచి చూసి, కుడి ముందుకాలి మోకాలు అరిగిందని చెప్పింది. పొద్దున్నే కొయ్యలా బిగుసుకుపోతున్నది అందుకేనట. "ఏప్రిల్ పదకొండున మళ్లీ వస్తాను. సవారీకి పనికొస్తాడనిపిస్తే అప్పుడు రాసిస్తాను, లేకపోతే లేదు" అంది. లేకపోతే ఏమవుతుందో శాలలో అందరికీ తెలుసు. ఉన్నవి ఎనిమిది గదులు. పనిచేయని గుర్రానికి గది లేదు, అది శాల యజమాని మేడమ్ నియమం. లారీ వస్తుంది, ఎక్కడో దూరంగా ఏదో పచ్చికలో దింపేస్తుంది, ఆ తర్వాత ఆ గుర్రం మొహం ఎవరూ చూడరు.

భయపడాల్సిన మాట. భయపడ్డాను కూడా, బస్సు దిగేదాకా. దిగేసరికి డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ అన్న మాట గుర్తొచ్చి మెట్లు రెండేసి ఎక్కాను. "కీళ్లకి మూలికల పొడులు అమ్ముతున్నారు. కొన్నిటితో కొంచెం గుణం కనిపిస్తుందంటారు. చూసి వాడుకోండి" అంది. అప్పుడు అక్కడ మేడమ్, గుర్రాలు చూసే బాబాయి, నేను, ముగ్గురం ఉన్నాం. కానీ ఆ మాట నా మొహం చూసి అన్నదని నా నమ్మకం.

వదినకి చెప్పాను. అన్నయ్య పోయాక మేమిద్దరమే ఈ ఇంట్లో. మోకాళ్లకి నూనె రాసుకుంటూ విన్నది. "నాకు పదేళ్లుగా కీళ్ల నొప్పులు. నాకోసం ఎవరూ మెట్లు రెండేసి ఎక్కలేదు" అంది.

మార్చి 3, మంగళవారం

బడి వదలగానే దాణా కొట్టుకి వెళ్లాను. కొట్టాయన తౌడు బస్తాల మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"కీళ్ల పొడి కావాలండీ."

"ఎవరికమ్మా?"

"అల్లుడుగారికి."

"అయ్యో, మనుషులకైతే మందుల షాపు పక్క వీధిలో ఉందమ్మా."

అల్లుడుగారికి నాలుగు కాళ్లని చెప్పాక మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. పసుపు డబ్బాలో పసుపూ మిరియాలూ. రోజుకో పిడికెడు నూనెలో కలపాలి. గుర్రం మూతి, తొట్టి, పెట్టినవాళ్ల బట్టలు, అన్నీ పచ్చగా అవుతాయి. తర్వాత సీసా. విల్లో చెట్టు బెరడు కషాయం, తలనొప్పి మాత్ర చేసే పనే చేస్తుందట, "కానీ కడుపు చూసుకోవాలమ్మా". మూడోది ఆకుపచ్చ డబ్బా. దయ్యపుగోరు అనే విదేశీ మొక్క వేరు, గుగ్గిలం, అల్లం. మంచి పేరుందట, కాకపోతే మహా చేదట.

"ఎన్ని గుర్రాల మీద పరీక్ష చేశారు? పొడి వెయ్యకుండా పక్కన పెట్టి పోల్చిన గుర్రాలెన్ని?" అని అడిగాను.

"అమ్మా, నేను దాణా అమ్ముతాను" అన్నాడు.

డబ్బాలు వెలుతురులోకి పట్టుకెళ్లి అరగంట చదివాను. "సహజం" అన్న మాట పసుపు డబ్బా మీద ఐదుసార్లు, ఆకుపచ్చ డబ్బా మీద మూడుసార్లు ఉంది. సహజమైతే ఏమిటట? మా ప్రయోగశాలలో తాళం వేసిన బీరువాలోవి సగం సహజమైనవే. ఆకుపచ్చ డబ్బా మీద మాత్రం ఏది ఎంత ఉందో గ్రాముల్లో రాశారు. మోతాదు మించరాదనీ, కడుపులో పుండ్లున్న గుర్రాలకు పెట్టరాదనీ కూడా రాశారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినవాళ్లు. అదే తీసుకున్నాను. డబ్బా మీద దౌడు తీస్తున్న గుర్రానికి కూడా నుదుట తెల్లమచ్చ ఉంది. దానికీ నా నిర్ణయానికీ ఏ సంబంధమూ లేదు.

"దయ్యపుగోరా? పేరులోనే ఉంది కదే దాని మంచితనం" అంది వదిన.

మార్చి 4, బుధవారం

గదినుంచి నీళ్ల తొట్టిదాకా నలభై మూడు అడుగులు. పొడిలో సగం తిన్నాడు, సగం నా కోటు మీద తుమ్మాడు.

మార్చి 7, శనివారం

విధానం రాసి పెట్టాలి. రోజూ పొద్దున ఆరింటికి శాల. దాణాలో ఒక చెంచా పొడి. తర్వాత అల్లుడుగారిని గదినుంచి నీళ్ల తొట్టిదాకా నడిపించి అడుగులు లెక్కపెట్టడం. కాలు బిగుసుకుంటే గుర్రం పొట్టి అడుగులేస్తుంది, కాబట్టి అడుగులు తగ్గేకొద్దీ గుణం పెరుగుతున్నట్టు. ఒకసారి లెక్కపెడితే చాలదు, తప్పు దొర్లుతుంది. మూడుసార్లు పోవడం, మూడుసార్లు రావడం, ఆరు లెక్కలకీ సగటు. రసాయనశాస్త్రం టీచరమ్మ కూడా ఇంత పకడ్బందీగా చేయించదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరికీ చెప్పకూడదు. చెప్పామంటే అందరికీ గుణం కనిపించడం మొదలవుతుంది. లేని గుణం కూడా కనిపిస్తుంది. శాలలో ఎవరూ ఏమీ ఎరగకుండా ఉంటేనే వాళ్ల మాటకి విలువ. పొడిని కోటు జేబులో పొట్లం కట్టి పట్టుకెళ్తున్నాను. దొంగతనం చేస్తున్నట్టు ఎంత సరదాగా ఉందో చెప్పలేను.

ఈరోజు సవారీ కూడా. శని, ఆదివారాలు నావి. మూడేళ్ల కిందట, యాభై మూడో ఏట మొదలుపెట్టాను. మొదటిరోజు గుర్రం ఎక్కడానికి బల్ల కావలసి వచ్చింది, బల్ల ఎక్కడానికి బాబాయి కావలసి వచ్చాడు. ఇప్పుడు బల్ల ఒక్కటీ చాలు. అల్లుడుగారి మీద కూర్చుంటే ఊళ్లో గోడల అవతల ఏముందో కనిపిస్తుంది. ఎవరి పెరట్లో బట్టలారేశారో, ఎవరి డాబా మీద ఎవరు పేపరు చదువుకుంటున్నారో. ముప్పై ఏళ్లు బల్లల కింద గాజుముక్కలు ఏరిన మనిషిని. ఎత్తు నుంచి చూడటం అనేది ఒకటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మార్చి 10, మంగళవారం

నలభై ఒకటి!! సగటు నలభై ఒకటి పాయింటు మూడు, కానీ నలభై ఒకటి!

బాబాయి పక్కనుంచి పోతూ, "ఏంటమ్మాయ్, పొద్దున్నే వాణ్ని తొట్టికీ గదికీ తిప్పుతున్నావ్?" అన్నాడు. యాభై ఆరేళ్లు నాకు. ఈ లోకంలో నన్ను అమ్మాయ్ అనేవాడు ఆయనొక్కడే. "ఊరికే బాబాయ్, నడిస్తే నాకు మంచిదట" అన్నాను. అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో! బాబాయి చేతులు గుగ్గిలం వాసన వేస్తున్నాయి. పెద్దవాడు, ఆయనకీ ఒళ్లు నొప్పులేమో, ఏదో రాసుకుంటున్నాడు పాపం.

మార్చి 15, ఆదివారం

ఎండ బాగుంది.

మార్చి 17, మంగళవారం

ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది.

ప్రయోగశాలలో పరీక్షనాళికలు కడుగుతూ పాడుతున్నానట. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. "ఏంటండీ, లాటరీ తగిలిందా?" అంది. "ఐదడుగులు తగ్గాయండీ" అన్నాను. బరువు తగ్గాననుకున్నట్టుంది, అభినందించింది.

ఆనందం పట్టలేక మూడుసార్లకి బదులు పదిసార్లు నడిపించాను. పదీ ముప్పై ఎనిమిదే. ఇక నుంచి రోజూ పదే. లెక్కలు ఎక్కువైతే సగటు గట్టిపడుతుంది.

మార్చి 20, శుక్రవారం

వదిన డబ్బా తీసి వాసన చూస్తుంటే పట్టుకున్నాను.

"ఒక్క చెంచా. ఎవరికి తెలుస్తుంది?"

"వదినా, అది గుర్రాలది."

"నాకు మాత్రం ఏం తక్కువ? పెళ్లయిన దగ్గర్నుంచీ మీ ఇంటి బండి లాగుతున్నాను."

డబ్బా నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆమె డాక్టరు ఇచ్చిన మాత్రలు చూపించి, "ఇవి మానేశావా?" అన్నాను. మానేసిందట, "పని చెయ్యట్లేదని". రోజూ నడవమన్నాడు కదా డాక్టరు అంటే, "నడిస్తే నొప్పి కదే, నొప్పి తగ్గాక నడుస్తా" అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు మా వదిన లెక్కలో.

మార్చి 22, ఆదివారం

శాలకి చేరేసరికి మేడమ్ అల్లుడుగారి గదిలోంచి బయటికి వస్తూ కనిపించారు. చేతిలో మూతపెట్టిన గిన్నె. నన్ను చూసి గిన్నె వెనక్కి దాచారు. "ఎలుకలున్నాయేమో చూద్దామని" అన్నారు. పైకి అంత కరుకు గాని లోపల వెన్న. వాడికి బెల్లమో ఏదో పెట్టి ముద్దు చేసుకుని వస్తున్నారని నాకు తెలియదా! నేనూ ఎలుకల మాట నమ్మినట్టే తలూపాను.

ముప్పై ఏడు.

మార్చి 25, బుధవారం

పొట్లం విప్పితే చాలు, మొహం తిప్పుకుంటున్నాడు. చేదు మరి. అరచేతిలో పొడి వేసి దాని మీద క్యారెట్ ముక్క పెట్టి మూతి దగ్గర పెట్టాను. క్యారెట్ తీసుకుని పొడి వదిలేశాడు. ఎంత నైపుణ్యం! చివరికి మూతి పట్టుకుని బుగ్గ సందులో రాశాను. నా వైపు చూసిన చూపు చూస్తే నవ్వు ఆగలేదు. సరే బాబూ, నువ్వు నన్ను తర్వాత క్షమిద్దువుగాని.

మార్చి 28, శనివారం

ఎండ బాగుంది. కొత్త బూట్లు కరుస్తున్నాయి.

మార్చి 30, సోమవారం

ముప్పై ఐదు. డబ్బా మీద బొమ్మలో గుర్రంలా మెడ ఎత్తి నడిచాడు. ఇంకా పన్నెండు రోజులున్నాయి, ఈ లెక్కన పదకొండో తారీఖుకి దౌడు తీస్తాడు.

దాణా సగం వదిలేశాడు. అలకేమో. అల్లుడు కదా.

ఏప్రిల్ 1, బుధవారం

ఇది అలక కాదు.

పొద్దున వెళ్లేసరికి పడుకుని ఉన్నాడు. దాణా నిన్నటిది నిన్నటిలాగే ఉంది. మాటిమాటికీ తల తిప్పి తన పొట్ట వంక చూసుకుంటున్నాడు. చెమట. బాబాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవులు నిమురుతున్నాడు. మేడమ్ అప్పటికే ఫోను చేశారట. బడికి సెలవు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు, అల్లుడికి బాగాలేదని చెప్పినట్టున్నాను, ఎందుకంటే టీచరమ్మ సాయంత్రం ఫోను చేసి మీకు పిల్లలు లేరు కదండీ అంది.

డాక్టరమ్మ పొట్టకి గొట్టం ఆనించి విన్నది, చిగుళ్లు చూసింది, సూది వేసింది. అప్పుడు లేచి మా ముగ్గురి వైపు తిరిగింది.

"వీడికి ఏం పెడుతున్నారు?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురం ఒకేసారి జేబుల మీద చెయ్యి వేసుకున్నాం. నేను ముందు బయటపెట్టాను. పొట్లం. తర్వాత బాబాయి చొక్కాలోంచి నీలం డబ్బా తీశాడు, మూలికల వీధిలో తెలిసినవాడిచ్చాడట. మేడమ్ ఆఫీసు గదికి వెళ్లి ఎర్ర డబ్బా పట్టుకొచ్చారు, తపాలాలో తెప్పించారట. డాక్టరమ్మ నా పొట్లాన్నీ ఆ రెండు డబ్బాల్నీ తన కారు బానెట్ మీద పెట్టి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. నా పొడిలో ఏముందో నేను చెప్పాను.

"మూడిట్లోనూ ఒకటే వేరు" అంది. "దయ్యపుగోరు. రోజుకి మూడు మోతాదులు. కడుపు మండిపోదా మరి?"

"నేను మోతాదు దాటలేదండీ" అన్నాం ముగ్గురం. అదీ ఒకేసారే.

"ఎవరికెవరు చెప్పుకోలేదా?"

బాబాయి, తనకి మించి గుర్రాల గురించి ఇక్కడెవరికి తెలుసని ఊరుకున్నాడట. అడక్కుండా ఎవరూ ఏమీ పెట్టొద్దని నియమం పెట్టింది తనే కాబట్టి మేడమ్ చెప్పలేదట. నేను ఎందుకు చెప్పలేదో చెప్పాను. పోల్చి చూడటం, అభిప్రాయాలు కలవకుండా ఉండటం, సగటు. డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను, పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు, ఇక్కడ చిక్కబడింది" అన్నాడు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

అన్ని పొడులూ బంద్. నానబెట్టిన మెత్తటి దాణా, కడుపుకి మందు, రోజూ నడక. "గండం గడిచిందో లేదో రేపు చెప్తాను" అని వెళ్లింది. నేను సాయంత్రందాకా ఆ గది గడప మీదే కూర్చున్నాను. ముప్పై ఐదుకి ఎంత ఎగిరాను. వాడి కడుపు మండుతుంటే నేను సగటు తీస్తున్నాను.

ఏప్రిల్ 2, గురువారం

తిన్నాడు!

ఏప్రిల్ 6, సోమవారం

పొడి లేకుండా ఐదు రోజులు. ముప్పై ఆరు. నాలుగు రోజుల నుంచీ ముప్పై ఆరే.

డాక్టరమ్మని అడిగాను, పొడి మానేస్తే మళ్లీ నలభై మూడుకి పోవాలి కదా, ఎందుకు పోలేదని. "రోజుకి ఎన్నిసార్లు నడిపించారన్నారు? పది? పోవడం, రావడం? ఏ పొడైనా పని చేసిందో లేదో నేను చెప్పలేనండీ. చలి కూడా తగ్గింది. కానీ నెలరోజులు రోజూ మెల్లగా నడిపిస్తే ఏ కీలైనా కాస్త వదులవుతుంది" అంది.

అంటే నేను గుణాన్ని కొలుస్తున్నాననుకుంటూ గుణం చేస్తున్నాను! ముప్పై ఏళ్ల ప్రయోగశాలలో ఇలాంటిది వినలేదు, థర్మామీటరు పెడితే జ్వరం తగ్గడం. బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే పక్క సీటావిడ లేచి ఇంకో సీటుకి పోయింది.

ఇంటికొచ్చి వదినని లేపి వీధి చివరిదాకా నడిపించాను. దారి పొడుగునా తిట్టింది. నూట తొంభై అడుగులు. రాసి పెట్టాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల గంటలో, ప్రయోగశాలలో కూర్చుని రాస్తున్నాను. రేపే.

అందరం ఖుషీగా ఉన్నాం. మేడమ్ వచ్చే శనివారం నుంచి పిల్లల క్లాసుకి అల్లుడుగారి పేరు రాసేశారు. బాబాయి కాళ్లకి కొత్త నాడాలు వేయించాడు. నేను పాత పేజీలన్నీ తిరగేసి లెక్కలకి గీత గీశాను, నలభై మూడు నుంచి ముప్పై ఆరుకి దిగుతున్న గీత, ఎంత అందంగా ఉందో.

ఆ గీతలో రెండు చుక్కలు లేవు.

మార్చి పదిహేను. ఎండ బాగుంది అని రాశాను. బాగానే ఉంది. ఆరోజు శాల వెనక చెరువుకట్ట మీదినుంచి పల్లంలోకి దిగుతుంటే, నేను పైన ఉండగా, కుడి ముందుకాలు మడతపడి ముందుకి కూలబడ్డాడు. మెడ మీద పడ్డాను, పట్టుకుని ఆగాను. ఎవరూ చూడలేదు. వాడు లేచి రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. మార్చి ఇరవై ఎనిమిది. అదే పల్లం. అదే కాలు. కొత్త బూట్ల మాట నిజమే, కరిచాయి.

చదును మీద బాగానే నడుస్తాడు. డాక్టరమ్మ చదును మీదే చూస్తుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడట్లేదనుకుంటుందట. నేను అంతకంటే తెలివైనదాన్ని, నాకోసం మాత్రమే రాసుకునే పుస్తకంలో కళ్లు మూసుకున్నాను.

పనికొస్తాడంటే ఉంటాడు. శని, ఆదివారాలు నావి. పనికిరాడంటే లారీ.

పిల్లల క్లాసులో ముందు పళ్లు ఊడిన ఒక అమ్మాయి ఉంది. జీను మీద కూర్చుంటే కాళ్లు పొట్ట సగానికి కూడా రావు. వాళ్లనీ కట్ట మీదికి తీసుకెళ్తారు.

గంట కొట్టారు.

ఏప్రిల్ 11, శనివారం

ఎంత అందంగా పరుగెత్తాడు! బాబాయి తాడు పట్టుకుని పక్కన ఉరుకుతుంటే, మెడ వంచి, కొత్త నాడాలు టకటకమంటూ, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి. డాక్టరమ్మ మోకాలు వంచి ఒక నిమిషం పట్టుకుని వదిలింది, అయినా కుంటలేదు. మేడమ్ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నేనే ఎక్కువ కొట్టాను.

డాక్టరమ్మ కాగితం కారు మీద పెట్టి కలం తీసింది. "సవారీలో ఎప్పుడైనా తడబడ్డాడా?"

"లేదు" అన్నారు మేడమ్.

"నేనైతే చూళ్లేదు" అన్నాడు బాబాయి.

ఇద్దరూ నిజమే చెప్పారు. కలం కాగితం మీదికి దిగింది.

"రెండుసార్లు" అన్నాను.

నా గొంతేనా అనిపించింది. మేడమ్ నా వైపు తిరిగారు. "ఎప్పుడు?"

"మార్చి పదిహేనున, ఇరవై ఎనిమిదిన. కట్ట దిగేటప్పుడు. నేను మీద ఉన్నాను."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"నాకే చెప్పుకోలేదు మేడమ్."

బాబాయి తాడు చేతికి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు. డాక్టరమ్మ కలం మూత పెట్టింది. బరువుతో పల్లం దింపి చూడాలంది. ఎవరెక్కుతారు? నేనే ఎక్కాను, ఇంకెవరెక్కుతారు! బల్ల బాబాయి తెచ్చాడు. జీను మీద కూర్చుని చుట్టూ చూశాను, గోడల అవతల ఎవరో తెల్ల దుప్పట్లు ఆరేశారు, వరసగా ఆరు. బాగా చూసుకున్నాను.

బాబాయి తాడు పట్టుకుని మెల్లగా దింపాడు. నాలుగో అడుగులో మోకాలు మడతపడింది. ఈసారి నేను మెడ పట్టుకోలేదు, పక్కకి జారి గడ్డిలో బురదలో కూర్చున్నాను. దెబ్బ తగల్లేదు. నాకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియదు, బురదలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను, అల్లుడుగారు పక్కన నిలబడి నేనేదో పరువు తక్కువ పని చేసినట్టు నన్ను చూస్తున్నాడు. నలభై రోజుల్లో మొదటిసారి ఒళ్లు తేలిగ్గా అనిపించింది.

"సవారీకి పనికిరాడు" అని రాసింది డాక్టరమ్మ.

మేడమ్ వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి, "పిల్లల క్లాసులో పళ్లూడిన అమ్మాయి మా మేనకోడలు కూతురండీ" అన్నారు.

ఏప్రిల్ 12, ఆదివారం

ఆదివారం. ఎక్కడికీ వెళ్లలేదు.

"నువ్వు నోరు మూసుకునుంటే వాడిక్కడే ఉండేవాడు కదే" అంది వదిన.

"ఉండేవాడు."

"మరి ఏడుస్తావెందుకు?"

"ఏడవట్లేదు వదినా."

"సరే, లే, వీధి చివరిదాకా పోదాం. నా అడుగుల లెక్క తగ్గుతోంది, మధ్యలో ఆపకూడదు."

నేను అడక్కుండా తనే అంది. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

ఏప్రిల్ 16, గురువారం

లారీ వచ్చింది. డాక్టరమ్మ వాళ్ల అక్కకి బస్సులో రెండు గంటల దూరంలో పచ్చిక పొలం ఉందట, ముసలి గుర్రాలు రెండు ఇప్పటికే ఉన్నాయట, డాక్టరమ్మే మాట్లాడి ఒప్పించింది. ఎక్కడికో కాదు, అడ్రసు ఉంది. పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

జీవితంలో మొదటిసారి బతిమాలించుకోకుండా ఎక్కాడు. నా వంక చూడలేదు. బాబాయి లారీ తలుపు వేసి, "మర్యాదగా సాగనంపాం అమ్మాయ్" అన్నాడు.

బడిలో అమ్మోనియా సీసా మూత తీసి పక్కన పెట్టుకుని పని చేశాను. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని అడిగితే చూపించడానికి. ఎవరూ అడగలేదు.

మే 3, ఆదివారం

వెళ్లాను! వదిన కూడా వస్తానంది. బస్సు దిగాక పొలం కంచెదాకా కిలోమీటరు, దారిలో రెండుసార్లు కూర్చుంది, మూడుసార్లు తిట్టింది, నడిచింది.

పొలం వాలుగా ఉంది. పైన చెట్ల కింద రెండు ముసలి గుర్రాలు, వాటికి కాస్త ఎడంగా మనవాడు. ఒళ్లు నిగనిగలాడుతోంది. పొట్ట వచ్చింది. డాక్టరమ్మ అక్క గేటు తీసి, "ఇక్కడికొచ్చాక గడ్డిలో పొర్లుతున్నాడండీ, తనే లేస్తున్నాడు" అంది. ఇరవై రోజుల నుంచీ ఈ క్షణం గురించి ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో! గేటు దగ్గర నిలబడి పిలిచాను. చెవులు నిక్కబొడిచాడు. నన్ను గుర్తుపట్టాడు, ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసిపోయింది. అరచేతిలో క్యారెట్ ముక్క పెట్టుకుని, చెయ్యి చాపి, మెల్లగా నడిచాను.

నా అరచేయి చూశాడు. వెనక్కి తిరిగాడు. పరుగెత్తాడు.

పొట్టి పరుగు కాదు. ముందు దుడుకు నడక, తర్వాత మెడ విదిలించి దౌడు. నాలుగు కాళ్లూ సమానంగా, తోక ఎగరేసుకుంటూ, పొలం అడ్డంగా అవతలి కంచెదాకా. నెలరోజులు ఆ చేతిలోంచి చేదు తిన్నవాడు. ఆ చెయ్యి ఈ జన్మలో మర్చిపోడు.

"ఏంటే, ఇంత దూరం నీకోసం వస్తే పారిపోతాడేంటి వాడు?" అని గేటు దగ్గర్నుంచి అరిచింది వదిన.

"పరుగెడుతున్నాడు వదినా! చూడు, పరుగెడుతున్నాడు!"

నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, క్యారెట్ పట్టుకుని వెంటపడ్డాను. దగ్గరికి వెళ్తే ఇటు, ఇటు వస్తే అటు. మిగతా రెండు గుర్రాలూ మేత ఆపి మమ్మల్ని చూశాయి. వదిన గేటు మీద చేతులు పెట్టుకుని, అటు పోతున్నాడు, ఇటు తిరుగు, అడ్డం వెళ్లు అని కేకలేస్తోంది.

సాయంత్రం బస్సు వేళదాకా నాకు చిక్కలేదు.